తలుపులు ఆరు, కిటికీలు ఎనిమిది, అద్దెదారు ఒకడు

గంగరాజును ఇంటితో కలిపి అమ్మిన దస్తావేజు రాసింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. తర్వాత ఇంకెవరో చెప్పగా మీకు తెలిస్తే నా మీదున్న కాస్త గౌరవమూ పోతుంది.

మా పట్టణంలో రిజిస్ట్రారు ఆఫీసు గోడ పక్కన కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. ఒకప్పుడు ఇల్లు అమ్మాలంటే ముందు అందులో అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించేవారు. కొనేవాడు ఖాళీ గదుల్లో తిరిగి, వంటింట్లో కుళాయి తిప్పి చూసి, పెరట్లో కొబ్బరిచెట్టు ఎవరిదని రెండుసార్లు అడిగి, అప్పుడు అడ్వాన్సు తీసేవాడు. మూడేళ్ళ కిందట ఈ పద్ధతి తిరగబడింది. నగరాల నుంచి ఇన్వెస్టర్లు వచ్చారు. వచ్చారనడం కూడా తప్పే. వాళ్ళు రారు, వాళ్ళ ఫోన్లు వస్తాయి. వాళ్ళకు ఇంటితో పనిలేదు, ఇంట్లోంచి నెలనెలా వచ్చే అద్దెతోనే పని. అందుకని ఖాళీ ఇంటిని కన్నెత్తి చూడరు. లోపల మనిషి ఉన్నాడంటే మాత్రం ఇల్లు చూడకుండానే కొనేస్తారు.

దాంతో మా ఊళ్ళో అద్దెకున్నవాళ్ళకు ఎన్నడూ లేని మర్యాద మొదలైంది. మోటారు చెడిపోయిందని ఆరు నెలలు మొత్తుకున్నా పలకని ఇంటివాళ్ళు, ఒంట్లో ఎలా ఉందని పొద్దున్నే కనుక్కుని వెళ్ళేవారు.

ఇలా ఉండగా ఒక పెద్దమనిషి తన బావమరిది కుటుంబాన్ని ఇంట్లో నాలుగు రోజులు కూర్చోబెట్టి, అద్దెదారులున్నారని చెప్పి ఇల్లు అమ్మేశాడు. రిజిస్ట్రేషనయిన మర్నాడు బావమరిది చాపా దిండూ చుట్టుకుని తన ఊరు వెళ్ళిపోయాడు. కొన్నాయన పైవాళ్ళ దాకా వెళ్ళాడు. పైవాళ్ళు చాలా బాధపడి, ఇటువంటివి మళ్ళీ జరగకుండా ఒక ఆఫీసు పెట్టారు. దాని పూర్తి పేరు నివాసిత గృహ విక్రయ క్రమబద్ధీకరణ కార్యాలయం. మేం నివాసిత ఆఫీసు అనేవాళ్ళం. దాని మొదటి ఉత్తర్వు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అద్దెదారు కలడని చెప్పి విక్రయించబడిన గృహమునందు అద్దెదారు ఉండి తీరవలెననీ, అందునిమిత్తము అతనిని ఆస్తి షెడ్యూలులో తలుపులు, కిటికీలు మొదలగువాటితోపాటు నమోదు చేయవలెననీ అందులో ఉంది. చదివినవాళ్ళెవరికీ అందులో తప్పు కనపడలేదు. నాకూ కనపడలేదు.

పప్పుల మిల్లు వీధిలో పెన్మత్స సుభద్రమ్మగారికి రెండిళ్ళు. ఒకదాంట్లో ఆవిడ ఉంటారు. రెండోదాంట్లో గంగరాజు పదకొండేళ్ళుగా అద్దెకున్నాడు. కుట్టుమిషన్లు బాగుచేయడం అతని పని. సైకిలుకు సంచీ తగిలించుకుని వీధులు తిరిగేవాడు. భార్య అనంతలక్ష్మి పెద్దాసుపత్రిలో నర్సు. ఎనిమిదో తరగతి చదివే కూతురు ఒకతె. సుభద్రమ్మగారికి రెండిళ్ళ రిపేర్లు పడలేక అద్దె ఇల్లు అమ్మేయాలనిపించింది. ఫోనులో ఒక ఇన్వెస్టరు దొరికాడు. పేరు వంశీధర్. అద్దెదారు మంచివాడేనా అని ఒక్కటే అడిగాడట.

సుభద్రమ్మగారు ఇంటికి వెల్లవేయించారు. అదే రోజు గంగరాజు జుట్టుకు రంగు వేయించారు. రెండిటి ఖర్చూ ఆవిడే పెట్టుకున్నారు. ఆవిడ మాట కాదనలేక గంగరాజు తల వంచాడు. రంగు ఆరేదాకా వీధి అరుగు మీద ఎండలో కూర్చున్నాడు.

నివాసిత ఆఫీసు నుంచి సహాయ మదింపు అధికారి పంచాక్షరిగారు తనిఖీకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఆయన గ్రాంథికంలో తప్ప మాట్లాడగా ఎవరూ వినలేదు. కొత్త ఉద్యోగం మీద ఆయనకున్న భక్తి చూస్తే ముచ్చటేసేది. వేలి కణుపులతో గోడలు కొట్టి చప్పుడు విన్నారు. తలుపులు తీసి వేశారు. తర్వాత గంగరాజును వెలుతురులోకి పిలిచి, వెనక్కి తిప్పి, వీపు మీద అవే కణుపులతో రెండుచోట్ల కొట్టి విన్నారు. దగ్గు ఉందా అని అనంతలక్ష్మిని అడిగారు.

"చలికాలంలో ఓ నాలుగు రోజులు దగ్గుతారండి. ఇల్లయితే వానాకాలమంతా కారుద్ది. అదీ రాసుకోండి" అందామె.

"గృహము కారుట వేరొక పట్టికలో వ్రాయబడును. అద్దెదారుని విషయము మాత్రమే మేము ప్రస్తుతము విచారించుచున్నాము" అన్నారాయన.

గంగరాజుకు అన్నిటికన్నా పై గ్రేడు, 'ఏ' గ్రేడు వచ్చింది. అనంతలక్ష్మిని ప్రధాన అద్దెదారునకు ఆధారము అని రాశారు. కూతురి ఎత్తు కొలిచి, విస్తరణకు అవకాశము కలదు అని రాశారు. ఆ కాగితాలు చూసి నేను షెడ్యూలు తయారుచేశాను. తూర్పున పప్పుల మిల్లు వారి ప్రహరీ, దక్షిణాన మునిసిపలు కాలువ, తలుపులు ఆరు, కిటికీలు ఎనిమిది, నుయ్యి ఒకటి, అద్దెదారు ఒకడు, ఆధార విస్తరణ సహితం. రిజిస్ట్రేషను రోజున గంగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అతని సంతకం ఎక్కడ పెట్టించాలని నేను పంచాక్షరిగారిని అడిగాను.

"ఆస్తి సంతకము చేయదు" అన్నారాయన.

గంగరాజు చిన్నబుచ్చుకున్నాడు గాని, ఏ గ్రేడు ధ్రువపత్రం చేతికివ్వగానే ఆ సంగతి మరిచిపోయాడు. అతను పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. జీవితంలో అతనికి ఎవరూ మొదటి శ్రేణి ఇవ్వలేదు. దానికి అద్దం కట్టించి, మిషను సామాన్లు పెట్టుకునే అలమర పైన తగిలించాడు. తన మూలంగా ఆ ఇంటికి మంచి ధర పలికిందని మిషను బాగుచేయడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకున్నాడు. జనం కూడా అతన్ని కొంచెం కొత్తగా చూశారు.

రెండు నెలలు బాగానే గడిచాయి. అప్పుడు అనంతలక్ష్మి తల్లి మోకాళ్ళ వైద్యానికని వచ్చి కూతురింట్లో దిగింది. పదహారో రోజున నివాసిత ఆఫీసు బంట్రోతు జిగురు డబ్బా పట్టుకుని వచ్చాడు. సదరు ఆస్తియందు సుమారు అయిదడుగుల ఎత్తు గల అదనపు నిర్మాణము అనుమతి లేకుండా వెలసినదనీ, వారములోగా తొలగించవలెననీ నోటీసు. అక్రమ నిర్మాణానికి నోటీసు ఆ నిర్మాణం మీదే అంటించాలని నిబంధన. అదనపు నిర్మాణం అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బంట్రోతు మంచివాడు. జిగురు రాసిన కాగితం పట్టుకుని చాలాసేపు ఆమె ఎదుట నిలబడి, చివరికి ఆమె చేతిసంచీకి అంటించి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ మధ్యాహ్నం బస్సుకే ఊరెళ్ళిపోయింది. మోకాళ్ళ మందులు తర్వాత పోస్టులో పంపారు.

ఆ తర్వాత గంగరాజుకు పన్ను నొప్పి వచ్చింది. డాక్టరు పీకేశాడు. నమోదైన ఆస్తిలో భాగాన్ని యజమాని అనుమతి లేకుండా తొలగించినందుకు సంజాయిషీ అడిగారు. గంగరాజు సంజాయిషీ నా చేతే రాయించుకున్నాడు. తొలగించిన భాగాన్ని జతపరచవలెనన్నారు గనుక పన్నును ఒక కవరులో పెట్టి కాగితానికి గుచ్చాను. పంచాక్షరిగారు దాన్ని వెలుతురులో చూసి, లోపలి ఫైలులో పెట్టించి, ఇకపై జాగ్రత్త వహించవలసినదని గంగరాజును మందలించారు. గంగరాజు జాగ్రత్తగా ఉంటానని ఒప్పుకుని వచ్చాడు. అతనికి ఇంకా ఏ గ్రేడు మీద గురి పోలేదు.

శ్రావణంలో అనంతలక్ష్మికి హెడ్ నర్సుగా ప్రమోషను వచ్చింది. పద్నాలుగేళ్ళుగా ఎదురుచూసిన ప్రమోషను. మన్యంలో, కొండల మీద ఒక ముప్పై పడకల ఆసుపత్రికి వేశారు. పదిహేను రోజుల్లో చేరకపోతే తర్వాతివాళ్ళకు పోతుంది. ఇల్లు ఖాళీ చేస్తామని మొగుడూ పెళ్ళాలు నివాసిత ఆఫీసులో చెప్పడానికి వెళ్ళారు. కాగితాలు రాయాలేమోనని నన్నూ తీసుకెళ్ళారు.

పంచాక్షరిగారు ఓపిగ్గా విన్నారు. స్థిరాస్తి అన్న పేరే అది స్థిరముగా ఉండుట వలన వచ్చినదని వివరించారు. ఇల్లు ఖాళీ చేయబడునే కాని ఇంటి భాగము తనంతట తాను ఖాళీ చేయదన్నారు. యజమాని అనుమతి లేకుండా ఆస్తిలోని భాగాన్ని తీసుకుపోవడం దొంగతనం కిందికి వస్తుందని కూడా చెప్పారు.

"నేను వెళ్తే, దొంగ ఎవరవుతారండి?" అన్నాడు గంగరాజు.

"మీరే. పోయిన సొత్తు కూడా మీరే. తనను తాను అపహరించినవానిపై చర్య తీసుకొనుటకు సెక్షను కలదు" అన్నారాయన. ఆ సెక్షను చూపించారు కూడా. నిజంగానే ఉంది.

నేను వంశీధర్‌కు ఫోను చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ ఇంటిని గంగరాజుతో సహా బ్యాంకులో తాకట్టు పెట్టాననీ, ఇప్పుడు గంగరాజును విడదీస్తే బ్యాంకు ఒప్పుకోదనీ చెప్పాడు. ఆయన ఆరోగ్యం ఎలా ఉందని నిజమైన ఆదుర్దాతో అడిగి ఫోను పెట్టేశాడు.

అనంతలక్ష్మి ఒక్కతే వెళ్ళి చేరుదామనుకుంది. ఆధారమును తొలగించినచో ప్రధాన భాగము కూలు ప్రమాదము కలదని దానికీ ఒప్పుకోలేదు. ఆమె ఇంటికి వెళ్ళి వంట చేసి, కూతురికి అన్నం పెట్టి, తను తినకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేనప్పుడు ఎవరిదో విభాగ పత్రం రాస్తున్నాను.

"బాబాయిగారూ, రాసింది మీరు. చదువుకున్నోరు కదా, రాసేటప్పుడు మీకేమీ అనిపించలేదా?" అంది.

అనిపించలేదని చెప్పడానికి సిగ్గేసింది. పంచాక్షరిగారు చెప్పినట్టు రాశానన్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. పద్నాలుగేళ్ళు రాత్రి డ్యూటీలు చేశానని మాత్రం అంది. తర్వాత, ఆసుపత్రిలో పాత ప్రసూతి వార్డు గోడను పోయిన నెల ఒక్క రోజులో పడగొట్టేశారే, దానికెవరి అనుమతి తీసుకున్నారని అడిగింది. శిథిలమైన కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నేను చెప్పాను. మనుషుల మీద పడే ప్రమాదం ఉందని తేలితే మదింపు అధికారి సంతకం చేస్తాడు, ఇరవై నాలుగు గంటల్లో తొలగించాలి, ఖర్చు మునిసిపాలిటీది, యజమాని అడ్డుచెప్పడానికి వీల్లేదు. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

ఈ ఆలోచన గంగరాజుకు చెప్పినప్పుడు అతను అలమర పైకి చూశాడు.

"నాది ఏ గ్రేడు గదే" అన్నాడు పెళ్ళాంతో.

"నాకు తెలుసు. ఆయనకి తెలియక్కర్లేదు" అందామె. అతను సరేనన్నాడు గాని ఆ పూట అన్నం సరిగా తినలేదట.

మూడు రోజులు అతన్ని గడ్డం గీసుకోనివ్వలేదు. జుట్టుకు రంగు అప్పటికే దిగిపోయింది. దరఖాస్తు నేను రాశాను. అంత శ్రద్ధగా నేనేదీ రాయలేదు. పంచాక్షరిగారు టేపూ, గోడల వాలు చూసే తూకపు గుండూ పట్టుకుని మళ్ళీ వచ్చారు. అనంతలక్ష్మి నర్సు గనుక ఒక్కో లోపం చూపిస్తూ పోయింది. ఏళ్ళ తరబడి మిషన్ల మీద వంగి పనిచేయడం వల్ల గంగరాజు భుజం ఎడమవైపుకు కొద్దిగా దిగి ఉంటుంది. ఆయన గుండు వేలాడదీసి, వాలు రెండంగుళములు అని రాసుకున్నారు. మడమలు చూసి, పునాదియందు పగుళ్ళు అని రాసుకున్నారు. పన్ను ఊడిన చోట టార్చి వేసి చూసి, వెనకటి ఫైలు తెప్పించి సరిపోల్చుకున్నారు. గంగరాజు భయంతో చెమటలు కక్కుతున్నాడు. నుదుట చెమ్మ అని అదీ రాశారు.

"పడిపోవు సూచనలు ఏమైనా గమనింపబడినవా?" అని అడిగారు.

"నిన్న సంతలో తూలారండి. కూరగాయలమ్మే ఆవిడ మీద పడబోతుంటే పక్కనోళ్ళు పట్టుకున్నారు" అంది అనంతలక్ష్మి.

పంచాక్షరిగారి మొహం పాలిపోయింది. తాను తనిఖీ చేసి వెళ్ళిన తర్వాత ఈ నిర్మాణం ఎవరి మీదైనా పడితే తన పింఛను సంగతి ఏమిటన్న ఆలోచన ఆయన కళ్ళలో స్పష్టంగా కనిపించింది. అక్కడే అరుగు మీద కూర్చుని సంతకం చేశారు. ప్రధాన భాగము తొలగించిన పిమ్మట ఆధారము, విస్తరణ నిరుపయోగములు గనుక వాటిని కూడా తొలగించవలసినదని చేర్చారు.

గంగరాజు ఆ కాగితం తీసుకుని చదివాడు. చదివి, అంత పాడైపోయానా అండీ అని అడిగాడు. అది నాటకం కాదు. నాకు తెలుసు, అనంతలక్ష్మికీ తెలుసు. పంచాక్షరిగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"విచారింపకుడు. ఏ నిర్మాణమునకైనను కాలపరిమితి కలదు. మీరు పదకొండు సంవత్సరములు నిలిచితిరి" అన్నారు. నాకు ఆయన మీద మొదటిసారి కాస్త ఇష్టం కలిగింది.

మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకల్లా మునిసిపలు లారీ వచ్చింది. నలుగురు కూలీలు, గునపాలు, తట్టలు. శిథిలాలు పారబోయవలసిన స్థలం అన్న చోట నేను మన్యం ఆసుపత్రి క్వార్టర్ల చిరునామా రాసి ఉంచాను. ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. లారీకి డీజిలు పోయించుకునేటప్పుడు మాత్రం శిథిలాలు ఇంతదూరం ఎందుకని డ్రైవరు అడిగాడట. ప్రమాదకరమైనవని చెప్పారట. మేస్త్రీ ఇంటిముందు నిలబడి వెల్లవేసిన గోడలను పైకీ కిందికీ చూశాడు.

"శిథిలం ఏదండి?" అన్నాడు.

గంగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"నేనేనండి" అన్నాడు.

మేస్త్రీ కాగితం చూశాడు, గంగరాజును చూశాడు. గునపాలు లారీలో పెట్టేయమని కూలీలతో చెప్పి, గంగరాజుకు చెయ్యందించి ముందు సీట్లోకి ఎక్కించాడు. బీరువా, మంచాలు, మిషను సామాన్లు, పిల్ల పుస్తకాలు, గిన్నెలు, అన్నీ అనుబంధ శిథిలాలుగా ఎక్కాయి. చేటలో పెట్టిన తులసి కుండీని అనంతలక్ష్మి ఒళ్ళో పెట్టుకుంది. సుభద్రమ్మగారు కొనుక్కొచ్చిన అరిసెల పొట్లం పిల్ల చేతికిచ్చి, కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. పంచాక్షరిగారు చివరిదాకా ఉన్నారు. గంగరాజు మోచెయ్యి కిటికీ బయటికి వచ్చి ఉండడం చూసి, లారీ వెలుపలికి చొచ్చుకొని యున్న భాగమునకు ఎర్రగుడ్డ కట్టవలెనని గుర్తుచేశారు. కట్టారు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఎర్రగుడ్డ ఊగుతూ కనిపించింది.

గడువుకు ఒక రోజు ముందే అనంతలక్ష్మి ఉద్యోగంలో చేరింది. అక్కడ ఏ ఇంట్లో చూసినా మూలపడ్డ కుట్టుమిషన్లేననీ, గంగరాజుకు తీరిక ఉండటం లేదనీ ఫోనులో చెప్పింది. ఆయన రోజూ కొండ ఎక్కి దిగుతున్నాడట. భుజం కూడా కొంచెం లేచిందట.

ఇక్కడ ఇల్లు ఖాళీ అయింది. వారంలో అద్దెదారును చూపించకపోతే వంశీధర్ మీద చర్య తప్పదు. అతను నాలుగు చోట్ల అడిగి, మనుషులెవరూ ఒప్పుకోకపోవడంతో చివరికి ఒక షామియానాల ఆసామికి ఇల్లు ఇచ్చాడు. ఆ ఆసామి మడత కుర్చీలు నూటపన్నెండు లోపల పేర్చి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. పంచాక్షరిగారు తాళం తీయించి తనిఖీ చేశారు. ప్రతి కుర్చీనీ విప్పి, కణుపులతో కొట్టి, మడిచారు. సాయంత్రం నాలుగింటికి బయటికి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. దగ్గు లేదు, దంతములు లేవు, బంధువులు రారు, పదోన్నతి పొందవు, ఒక్కొక్కదానికి నాలుగు ఆధారములు స్వయముగా కలవు అని రాశారు. అంతవరకూ లేని ఒక గ్రేడును, ఏ ప్లస్‌ను, ఆయనే ప్రతిపాదించి పైవాళ్ళ చేత ఒప్పించారు.

ఆ మాట నగరాలకు పాకింది. ఇన్వెస్టర్లు ఇప్పుడు మనుషులున్న ఇళ్ళు అడగడం మానేశారు. మా ఊళ్ళో పప్పుల మిల్లు వీధి సగం కుర్చీలదే. రెండు మేడల్లో వంటపాత్రలు ఉంటున్నాయి. కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇంట్లో ఒక బ్యాండుమేళం వారి డోళ్ళు దిగాయి. గాలి వచ్చే గదులు వాటికే ఇచ్చారు. ఇల్లు అద్దెకివ్వబడును అన్న బోర్డుల కింద వస్తువులకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాస్తున్నారు. బదిలీ మీద వచ్చిన టీచరొకాయన పెళ్ళాం పిల్లలతో లాడ్జిలో ఉంటూ, తన బీరువాకు మాత్రం మంచి ఇల్లు దొరికిందని సంతోషిస్తున్నాడు. ఇటువంటి దస్తావేజులు ఇప్పటికి నేను పంతొమ్మిది రాశాను. చెయ్యి బాగా తిరిగింది.

నేనున్నది అద్దె ఇంట్లోనే. తొమ్మిదేళ్ళయింది. పోయిన సోమవారం మా ఇంటాయన పంచాక్షరిగారిని వెంటబెట్టుకుని వచ్చారు. నేను లేచి, నా కుర్చీ జరిపి, కూర్చోండని ఆయనకు చెప్పాను. ఆయన కూర్చోలేదు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కణుపులతో కొట్టి విన్నారు. తర్వాత ఇద్దరూ గుమ్మం దగ్గర నెమ్మదిగా మాట్లాడుకున్నారు. మా ఇంటాయన మొహమాటస్తుడు, విషయం చెప్పడానికి చాలాసేపు నసిగారు. నెలాఖరుకు నన్ను ఖాళీ చేయమన్నారు. కుర్చీని మాత్రం ఉండనిమ్మన్నారు.